సర్వర్ బోర్డులు ఎక్కడ చేయించాలి? సొంత లైన్, ఇక్కడి ఈఎంఎస్, షెన్‌జెన్, తైవాన్: ఏది ఎవరికి నప్పుతుంది

డిజైన్ టీమ్ పని అయిపోయింది, ప్రోటోటైప్ బూట్ అయింది, ఒక కస్టమర్ ఆర్డర్ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇక మాన్యుఫాక్చరింగ్ సంగతి మీరు చూసుకోండి అని మీకు అప్పగించారు. ముందు నాలుగు దారులున్నాయి: సొంతంగా ఎస్ఎంటీ లైన్, అంటే బోర్డు మీద భాగాలు పెట్టి సోల్డర్ చేసే మెషీన్ల వరుస పెట్టుకోవడం, మన దేశంలోని కాంట్రాక్ట్ తయారీ కంపెనీకి, అంటే ఈఎంఎస్‌కి ఇవ్వడం, షెన్‌జెన్‌లో చేయించడం, తైవాన్ ఓడీఎంతో, అంటే డిజైన్ కూడా తానే చేసి తయారుచేసే కంపెనీతో కలవడం. నేను చెప్పేది సర్వర్లు, స్టోరేజ్ బాక్సులు, ఏఐ కార్డులు, టెలికాం స్విచ్‌ల లాంటి బరువైన హార్డ్‌వేర్ గురించి. ఎల్ఈడీ డ్రైవర్లు, స్మార్ట్ ప్లగ్గులు చేసేవాళ్లకి ఈ లెక్కలు పనికిరావు, వాళ్లు నిశ్చింతగా రేటు చూసి ఇచ్చేయొచ్చు.

చాలామంది నాలుగు చోట్ల నుంచి కొటేషన్లు తెప్పించి, ఒక్కో బోర్డుకి ఎంత పడుతుందో ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టి, తక్కువ ఉన్నదాని మీద టిక్ పెట్టేస్తారు. ఆ కాలమ్ అన్నిటికన్నా చివర చూడాల్సింది. ఎందుకో చెప్తాను.

## రేటు కంటే ముందు చూడాల్సినవి

అతుకుల లెక్క. రెండు ఏఎండీ ఈపిక్ ప్రాసెసర్లు పట్టే మదర్‌బోర్డు తీసుకోండి. ఎస్‌పీ5 సాకెట్‌కి 6,096 కాంటాక్టులు, రెండు సాకెట్లకి 12,192. ఒక్కో ప్రాసెసర్‌కి 12 మెమరీ ఛానెళ్లు, ఛానెల్‌కి ఒక్క స్లాటే పెట్టుకున్నా మొత్తం 24 డీడీఆర్5 స్లాట్లు, స్లాట్‌కి 288 పిన్నులు, అంటే ఇంకో 6,912. కెపాసిటర్లు, రెసిస్టర్లు, పవర్ సర్క్యూట్లు ఏవీ లెక్కలోకి తీసుకోకుండానే 19,104 సోల్డర్ అతుకులయ్యాయి. ఒక లైన్‌లో పది లక్షల అతుకులకి 50 తప్పులు వస్తున్నాయనుకోండి. వినడానికి చాలా బాగుంది కదా? కానీ ఆ లైన్ నుంచి ఒక్క తప్పూ లేకుండా మొదటిసారే బయటపడే బోర్డులు వందకి 38. తప్పుల్ని పది లక్షలకి 10కి తగ్గిస్తే ఆ సంఖ్య 82 దాటుతుంది. ఇదే 50 తప్పుల లైన్ మీద 500 అతుకులున్న చిన్న బోర్డు చేస్తే వందకి 97 బాగానే వస్తాయి. అందుకే ‘మా యీల్డ్ 97 శాతం సార్’ అని ఎవరైనా చెప్తే, ఏ బోర్డు మీద అని అడగాలి.

డిజైన్ ఎంత తరచుగా మారుతుంది. మొదటి ఏడాదిలో నెలకో మార్పు వస్తుంది. ఒక రెసిస్టర్ విలువ మారుతుంది, ఒక చిప్ దొరక్క ఇంకోటి పెడతారు, బీఎంసీ (సర్వర్‌ని దూరం నుంచి గమనించి నడిపే చిప్) ఫర్మ్‌వేర్ కోసం ఒక సిగ్నల్ తిప్పుతారు. ఆ మార్పు కాగితం మీద నుంచి లైన్ మీదికి ఎన్ని రోజుల్లో చేరుతుందన్నది మీ ప్రాజెక్టును నిలబెట్టొచ్చు, ముంచొచ్చు.

భాగాలు ఎవరు కొంటారు. ఫ్యాక్టరీనే అన్నీ కొని చేస్తే టర్న్‌కీ, మీరు కొని పంపిస్తే కన్సైన్‌మెంట్. టర్న్‌కీలో మీకు తలనొప్పి తక్కువ, కానీ కొరత వచ్చినప్పుడు స్టాక్ ఎవరి బోర్డుకి వెళ్తుందో ఫ్యాక్టరీనే నిర్ణయిస్తుంది. 2021 చిప్ కొరతలో చిన్న కస్టమర్లు క్యూలో చివర నిలబడ్డారు. ప్రాసెసర్, మెమరీ, ఎఫ్‌పీజీఏ (తర్వాత ప్రోగ్రామ్ చేసుకునే చిప్), పవర్ కంట్రోలర్ లాంటి ఖరీదైన, దొరకని భాగాల్ని మీ పేరు మీదే కొనుక్కోండి, చిల్లర భాగాల్ని ఫ్యాక్టరీకి వదిలేయండి. ఎక్కువమందికి ఇదే సరిపడుతుంది.

ఎవరికి అమ్ముతున్నారు. ప్రభుత్వ టెండర్లయితే 2017 నాటి మేక్ ఇన్ ఇండియా కొనుగోళ్ల ఉత్తర్వు ప్రకారం స్థానిక విలువ 50 శాతం, ఆపైన ఉంటేనే క్లాస్-1 సరఫరాదారు, 20 నుంచి 50 లోపు ఉంటే క్లాస్-2. భాగాలు బిగించిన బోర్డుని బయటినుంచి తెచ్చి ఇక్కడ డబ్బాలో బిగిస్తే 50 దాటడం చాలా కష్టం. ఇది డిజైన్ దశలోనే తేలాల్సిన విషయం, టెండర్ గడువు ముందు వారం కాదు.

టెస్ట్ ఎవరి చేతిలో ఉంటుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, కింద విడిగా చెప్తాను.

## ఒక్క చూపులో

| చూడాల్సింది | సొంత లైన్ | ఇక్కడి ఈఎంఎస్ | షెన్‌జెన్ | తైవాన్ ఓడీఎం |
|---|---|---|---|---|
| మొదటి పెట్టుబడి | కోట్లలో | జిగ్‌లు (టెస్ట్‌కి బోర్డుని పట్టి ఉంచేవి), స్టెన్సిళ్లు (పేస్ట్ పూసే రేకులు), సెటప్ ఖర్చు | దాదాపు అంతే | డిజైన్ ఫీజు, పెద్ద ఆర్డర్ హామీ |
| డిజైన్ మార్పు వేగం | అదే రోజు | కొన్ని రోజులు | వేగమే, కానీ మీ మనిషి అక్కడ ఉండాలి | నెమ్మది |
| ఎక్కువ లేయర్ల బేర్ బోర్డులు (భాగాలు బిగించని ఖాళీ బోర్డులు) | బయటినుంచే | ఎక్కువగా బయటినుంచే | పక్క వీధిలోనే | పక్కనే |
| స్థానిక విలువ శాతం | బాగుంటుంది | బాగుంటుంది | దెబ్బతింటుంది | దెబ్బతింటుంది |
| చిన్న ఆర్డర్‌కి మర్యాద | మీదే లైన్ | కంపెనీని బట్టి | ఉంటుంది | దాదాపు ఉండదు |
| డిజైన్ ఎవరిది | మీదే | మీదే | మీదే, కాపాడుకోవాలి | చాలావరకు వాళ్లది |

## సొంత లైన్

సోల్డర్ పేస్ట్ ప్రింటర్, పేస్ట్ తనిఖీ మెషీన్, భాగాల్ని బోర్డు మీద పెట్టే రెండు పిక్-అండ్-ప్లేస్ మెషీన్లు, పేస్ట్‌ని కరిగించే పది జోన్ల రీఫ్లో ఓవెన్, కెమెరాతో తనిఖీ చేసే ఏఓఐ, ఎక్స్‌రే. మన చేతిలో ఉంటే ఎంత హాయో అనిపిస్తుంది. కానీ ఒక లెక్క వేయండి. బోర్డుకి రెండు వైపులా కలిపి 4,000 భాగాలు, మీ లైన్ నిజంగా గంటకి 20,000 భాగాలు పెడుతుంది అనుకుందాం. ఒక బోర్డుకి 12 నిమిషాలు. నెలకి 300 బోర్డుల ఆర్డరుంటే 60 గంటల్లో పని అయిపోతుంది, అంటే ఒక షిఫ్టుతో ఎనిమిది రోజులు కూడా పట్టదు. మిగతా నెలంతా లైన్ ఖాళీ, ఈఎంఐ మాత్రం ఖాళీగా ఉండదు, ప్రాసెస్ ఇంజినీర్ జీతం ఖాళీగా ఉండదు. పైగా ఆపరేటర్లకి చేయి తిరగాలంటే రోజూ నడవాలి.

మరి ఎవరికి బాగుంటుంది? ఏడాది పొడవునా రకరకాల బోర్డులు చిన్న చిన్న లాట్లలో చేసేవాళ్లకి, డిజైన్ బయటికి పోకూడని రక్షణ రంగం వాళ్లకి. హైదరాబాద్‌లో 1967లో మొదలైన ఈసీఐఎల్, రెండేళ్లకే టీడీసీ-12 కంప్యూటర్ తయారు చేసిన సంస్థ, ఆ దారిలోనే పెరిగింది. ప్రభుత్వ సంస్థకి ఆ ఓపిక ఉంటుంది. పెట్టుబడిదారుల డబ్బుతో నడిచే స్టార్టప్‌కి మాత్రం నేను ఈ సలహా ఇవ్వను. ప్రోటోటైప్ దశలో చేత్తో పట్టుకుని చూడాలంటే 2023 మార్చిలో హైదరాబాద్ రాయదుర్గంలో ప్రారంభమైన టీ-వర్క్స్ లాంటి చోటు ఉంది, దానికోసం లైన్ కొనక్కర్లేదు.

## ఇక్కడి ఈఎంఎస్

పదేళ్ల కిందటికీ ఇప్పటికీ పోలికే లేదు. మైసూరులో కేన్స్, హైదరాబాద్, మైసూరు, బెంగళూరుల్లో ప్లాంట్లున్న సైయంట్ డీఎల్ఎం, చెన్నై వైపు సిర్మా ఎస్‌జీఎస్, మానేసర్‌లో వీవీడీఎన్ ఉన్నాయి. హెచ్‌పీఈ తన సర్వర్లని మానేసర్‌లో వీవీడీఎన్‌తో చేయిస్తోంది. ఐటీ హార్డ్‌వేర్ పీఎల్ఐ (ఉత్పత్తిని బట్టి ప్రభుత్వం ఇచ్చే ప్రోత్సాహకం) రెండో విడతకి 2023లో 17,000 కోట్లు కేటాయించారు, 2025 మార్చిలో భాగాల తయారీ కోసం ఇంకో 22,919 కోట్ల పథకం వచ్చింది, అందులో మల్టీలేయర్ పీసీబీలూ (ఎక్కువ పొరల బేర్ బోర్డులు) ఉన్నాయి. దిశ మంచిదే.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. శ్రీసిటీ దగ్గరే కదా, అక్కడ ఫాక్స్‌కాన్ 2015 నుంచి ఫోన్లు చేస్తోంది కదా, మనవీ ఆ చుట్టుపక్కలే చేయించుకుందాం అని కొందరంటారు. లక్షల ఫోన్లు చేసే లైన్‌కి నెలకి 300 సర్వర్ బోర్డులు ఇవ్వడమంటే పెళ్లి వంటల గాడిపొయ్యి మీద ఇద్దరికి కాఫీ పెట్టమన్నట్టు. ఫోన్ బోర్డు పల్చన, చిన్నది, వేడి వెంటనే పట్టుకుంటుంది. సర్వర్ బోర్డు మందం, లోపల రాగి పొరల మీద పొరలు. ఓవెన్‌లో పెడితే అంచుల్లో ఉన్న చిన్న భాగాలు మాడే వేడికి వస్తాయి, మధ్యలో సాకెట్ కింద సోల్డర్ ఇంకా కరగదు. సీసం లేని ఎస్ఏసీ305 సోల్డర్ కరగడానికే 217 డిగ్రీలు కావాలి, దానిపైన ఒక 20, 30 డిగ్రీలకి అతుకులన్నీ చేరాలి, అలాగని చిప్‌ల పరిమితి దాటకూడదు. పవర్ కనెక్టర్ల రంధ్రాల్లో సోల్డర్ పైదాకా ఎక్కదు, ఎందుకంటే లోపలి రాగి పొరలు వేడంతా లాగేసుకుంటాయి. ఈ పని తెలిసినవాళ్లు వేరు, ఫోన్లు చేసేవాళ్లు వేరు. మీరు వెతకాల్సింది రకాలు ఎక్కువ, సంఖ్య తక్కువ ఉండే ఆర్డర్లు చేసేవాళ్లని, అంటే విమానాలకి, వైద్య పరికరాలకి, టెలికాంకి బోర్డులు చేసి అలవాటున్నవాళ్లని.

ఇంకొకటి తేమ. చాలా పెద్ద చిప్‌లు ఎంఎస్ఎల్-3 కిందికి వస్తాయి, అంటే సీల్డ్ కవర్ విప్పాక 30 డిగ్రీలు, 60 శాతం తేమ దాటని గదిలో 168 గంటల్లోపు ఓవెన్‌కి వెళ్లిపోవాలి. చెన్నై, శ్రీసిటీ లాంటి తీర ప్రాంతాల్లో ఏసీ ఆగితే ఆ 60 ఎంతసేపు నిలబడుతుందో మీకు తెలుసు. తేమ పీల్చిన చిప్‌ని బేక్ చేయకుండా ఓవెన్‌లోకి పంపితే లోపలి నీరు ఆవిరై ప్యాకేజీ పొరలు విడిపోతాయి, పైకి ఏమీ కనిపించదు. ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు డ్రై క్యాబినెట్ తెరిపించి, సగం వాడిన రీల్ ఒకటి తీసి, దాని మీద ఎప్పుడు విప్పారో తేదీ, టైం రాసి ఉన్నాయా చూడండి. నాకైతే ఆ ఒక్క స్టిక్కర్ గోడ మీద వేలాడే సర్టిఫికెట్ల కంటే ఎక్కువ చెప్తుంది.

## షెన్‌జెన్

వేగంలో ఇప్పటికీ సాటి లేదు. బేర్ బోర్డు, హీట్‌సింక్, కేబుల్, షీట్ మెటల్ డబ్బా అన్నీ షెన్‌జెన్, డోంగ్వాన్ మధ్య దొరుకుతాయి. పొద్దున ఒక కనెక్టర్ తేడా వస్తే సాయంత్రానికి ఇంకో రకం చేతిలో ఉంటుంది. చిన్న ఆర్డర్ అని చిన్నచూపు చూడని ఫ్యాక్టరీలూ చాలా ఉన్నాయి.

అడ్డంకులు మాత్రం సోల్డర్ వైపు నుంచి రావు, కాగితాల వైపు నుంచి వస్తాయి. 2022 అక్టోబర్ నుంచి అమెరికా ఆంక్షలున్నాయి కాబట్టి పై స్థాయి ఏఐ చిప్‌లు పెట్టే బోర్డుని అక్కడికి పంపి చేయించాలనే ఆలోచన మొదట్లోనే పక్కన పెట్టేయండి. పూర్తయిన సర్వర్లని మన దేశంలోకి తేవాలంటే 2023 నవంబర్ నుంచి దిగుమతి అనుమతి కావాలి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఫ్యాక్టరీ చిరునామాకి ముడిపడి ఉంటుంది, ఫ్యాక్టరీ మారిస్తే మళ్లీ మొదటి నుంచి చేయించుకోవాలి. ఈ చివరిది చాలామంది లెక్కలో వేసుకోరు, ‘ముందు షెన్‌జెన్‌లో మొదలుపెట్టి తర్వాత ఇండియాకి తెచ్చేద్దాం’ అనుకునేవాళ్లు ఆ రెండోసారి ఖర్చు, టైం ఇప్పుడే రాసి పెట్టుకోవాలి.

చైనా కొత్త సంవత్సరం సెలవుల సంగతి కూడా. జనవరి, ఫిబ్రవరిల్లో వారాల తరబడి మూత, తెరిచాక సగం మంది కొత్త ఆపరేటర్లు. ఆ తర్వాత వచ్చే మొదటి లాట్‌ని కాస్త గట్టిగానే తనిఖీ చేయించుకోండి.

## తైవాన్ ఓడీఎం

క్వాంటా, విస్ట్రాన్ నుంచి వచ్చిన వివిన్, ఇన్వెంటెక్, ఫాక్స్‌కాన్. ప్రపంచంలోని పెద్ద డేటా సెంటర్ల సర్వర్లు చాలావరకు వీళ్లవే. వీళ్ల దగ్గర తయారీతో పాటు మదర్‌బోర్డు డిజైన్, బయాస్, బీఎంసీ ఫర్మ్‌వేర్, వాలిడేషన్ అన్నీ వస్తాయి. ఎన్విడియా ఎన్‌వీఎల్72 లాంటి రాక్‌లో (సర్వర్లు పేర్చే బీరువా) 72 జీపీయూలు, సుమారు 120 కిలోవాట్లు, నీళ్లతో చల్లబరచడం. ఇలాంటిదాన్ని బిగించి, పైపుల్లో లీకేజీ చూసి, రాక్ మొత్తాన్ని నడిపి పరీక్షించే అనుభవం ఉన్నవాళ్లు ప్రపంచంలోనే కొద్దిమంది.

కానీ మీ ఆర్డర్ వందల్లో ఉంటే వాళ్లు మీతో కూర్చోరు, కూర్చున్నా మీ మార్పు పెద్ద క్లౌడ్ కంపెనీల మార్పుల వెనక నిలబడుతుంది. అలాంటప్పుడు ఇంకో దారి మేలు: గిగాబైట్, ఏఎస్‌రాక్ రాక్ లాంటి వాళ్ల రెడీమేడ్ సర్వర్ బోర్డు కొని, మీ ప్రత్యేకత ఉన్న కార్డుని మాత్రం మీరే చేయించుకోవడం. మీ వ్యాపారం నిజంగా మదర్‌బోర్డులో ఉందా, దానిమీద పెట్టే కార్డులో, సాఫ్ట్‌వేర్‌లో ఉందా అన్నది నిజాయతీగా తేల్చుకోండి. పది స్టార్టప్‌లలో ఎక్కువ వాటికి మదర్‌బోర్డు చేయాల్సిన అవసరమే ఉండదు.

## సోల్డరింగ్ బయటికివ్వండి, టెస్ట్ ఇవ్వకండి

నాలుగింటిలో ఏది ఎంచుకున్నా నేను వదులుకోని విషయం ఇది. టెస్ట్ జిగ్ మీది, టెస్ట్ సాఫ్ట్‌వేర్ మీది, అందులో వచ్చే ప్రతి కొలత మీ సర్వర్‌లోకి రావాలి. ఒక ఫ్యాక్టరీ మాకిచ్చిన రిపోర్టులో ప్రతి సీరియల్ నంబర్ పక్కన ‘పాస్’ అని తప్ప ఇంకేమీ లేదు. తర్వాత కస్టమర్ల దగ్గర కొన్ని బోర్డులు లోడ్ ఎక్కగానే రీస్టార్ట్ అవుతుంటే, తయారైన రోజు పవర్ రైళ్ల (బోర్డులో కరెంటు వెళ్లే దారుల) మీద కొలిచిన వోల్టేజీలు పంపమని అడిగాం. అవి సేవ్ చేయలేదన్నారు. ఏ లాట్‌లో ఎన్ని బోర్డులు అంచున ఉన్నాయో తెలుసుకునే దారే లేక, అన్నీ వెనక్కి తెప్పించి కొలవాల్సి వచ్చింది.

దాక్కునే తప్పు ఎలా ఉంటుందో చూడండి. అడుగున సోల్డర్ బంతులుండే పెద్ద బీజీఏ చిప్ ఓవెన్‌లో వేడికి కాస్త వంగుతుంది, మూలల్లో ఉన్న బంతులు పేస్ట్ నుంచి పైకి లేస్తాయి. చల్లారి మళ్లీ కిందికి వచ్చేసరికి బంతి పేస్ట్ మీద ఆని ఉంటుంది, కలిసిపోదు. దీన్ని హెడ్-ఇన్-పిల్లో అంటారు. కరెంటు ప్రవహిస్తుంది కాబట్టి టెస్ట్ పాస్ అవుతుంది, నిలువు ఎక్స్‌రేలో కూడా గుండ్రంగానే కనిపిస్తుంది. కొన్ని నెలలు వేడెక్కి, చల్లారి, వేడెక్కి ఒకరోజు విడిపోతుంది. దీన్ని పట్టాలంటే పక్కనుంచి చూడగల 3డీ ఎక్స్‌రే కావాలి, వేడిలో గంటల తరబడి నడిపే బర్న్-ఇన్ కావాలి.

అందుకే చాలామందికి నేను చెప్పేది: బోర్డు ఈఎంఎస్‌లో చేయించండి, డబ్బా బిగింపు, బర్న్-ఇన్, ఆఖరి టెస్ట్ మాత్రం మీ షెడ్డులో పెట్టుకోండి. దీనికి కోట్లు అక్కర్లేదు. కరెంటు, ఏసీ లెక్క మాత్రం ముందే వేసుకోండి. ఒక్కోటి 800 వాట్లు లాగే 50 సర్వర్లని ఒకేసారి నడిపితే 40 కిలోవాట్లు, ఆ వేడి తీయడానికే 11 టన్నులకి పైగా ఏసీ కావాలి. అద్దె గదికి ఆ లోడ్ శాంక్షన్ ఉందో లేదో అడ్వాన్స్ ఇవ్వకముందే అడగండి.

## మరి మీకు ఏది

ఏడాదికి 200 బోర్డుల లోపు, డిజైన్ ఇంకా కుదురుకోలేదు అంటే: కారులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల ఈఎంఎస్‌ని పట్టుకోండి. హైదరాబాద్ వాళ్లకి హైదరాబాద్‌లోనే, నెల్లూరు, తిరుపతి వాళ్లకి చెన్నై వైపు. కొంచెం రేటు ఎక్కువైనా పర్వాలేదు. మీ ఇంజినీరు లైన్ పక్కన నిలబడి ఓవెన్ ప్రొఫైల్ మార్పించగలగడం ఆ తేడాకి తగినదే.

500 నుంచి కొన్ని వేలు, డిజైన్ స్థిరపడింది, ప్రభుత్వ లేదా బ్యాంకు కస్టమర్లు: ఇక్కడి ఈఎంఎస్, ఖరీదైన భాగాలు మీ కొనుగోలు, ఆఖరి టెస్ట్ మీ దగ్గర. రెండో ఫ్యాక్టరీని కూడా చిన్న లాట్‌తో సిద్ధంగా ఉంచుకోండి, మొదటివాళ్లు రేటు పెంచినప్పుడు వెతకడం మొదలుపెడితే ఆరు నెలలు పోతాయి.

అమ్మకం అంతా అమెరికా, యూరప్‌లోనే, మన టెండర్ల గొడవ లేదు, ఆంక్షల చిప్‌లు లేవు: షెన్‌జెన్ ఇంకా బలమైన దారే. అయితే అక్కడే ఉండే మీ మనిషి జీతం కూడా బోర్డు రేటులో కలిపి చూడండి.

వేల రాక్‌ల ఆర్డర్ చేతిలో ఉంటే తైవాన్. ఆ స్థాయిలో ఇంకో ఆలోచన అక్కర్లేదు.

## సంతకం పెట్టేముందు

ఫ్యాక్టరీలో ఇవి అడగండి. మా అంత పొడవు, మా అంత మందం ఉన్న బోర్డు చివరిసారి ఎప్పుడు చేశారు, దాని మొదటిసారి యీల్డ్ ఎంత? ప్రెస్-ఫిట్ కనెక్టర్లకి (సోల్డర్ లేకుండా నొక్కి బిగించేవి) ఒత్తిడి కొలిచే ప్రెస్ ఉందా, చేత్తో కొడతారా? బోర్డుల నాణ్యతకి ప్రమాణమైన ఐపీసీ-ఏ-610లో క్లాస్ 2కి చేస్తారా, ఇంకా కఠినమైన క్లాస్ 3కా? ఒక బీజీఏని ఎన్నిసార్లు రీవర్క్ చేశాక బోర్డుని స్క్రాప్ కింద తీసేస్తారు? జవాబు మేనేజర్ నుంచి కాకుండా లైన్ మీదున్న ప్రాసెస్ ఇంజినీర్ నుంచి వినండి.

కాంట్రాక్టులో స్టెన్సిళ్లు, జిగ్‌లు, టెస్ట్ ప్రోగ్రాములు మీ ఆస్తి అని, విడిపోతే ఎన్ని రోజుల్లో అప్పగించాలో అని స్పష్టంగా రాయించండి. మొదటి లాట్ పది బోర్డులకి మించనివ్వకండి. ఆ పదిలో ఒకదాన్ని సాకెట్ మూల దగ్గర అడ్డంగా కోయించి, మైక్రోస్కోప్ కింద అతుకులు చూపించమనండి. లక్షలు పెట్టిన బోర్డుని కోయాలంటే ఫైనాన్స్ వాళ్లు ఒప్పుకోరు, అందుకని ఆ బోర్డు ఖర్చుని మొదటి పర్చేజ్ ఆర్డర్‌లోనే విడి లైన్‌గా వేయించేయండి.